కరెంటు సిగరెట్టు కాల్చిన చెయ్యి

ఈ అక్షరాలు రాస్తున్నది నా కుడిచెయ్యే. చూపుడువేలు పూర్తిగా వంగదు కాబట్టి కలాన్ని బొటనవేలికీ మధ్యవేలికీ నడుమ ఇరికించి పట్టుకుంటాను. రాత కాస్త పక్కకు వాలుతుంది, కానీ చదవొచ్చు. ఈ చెయ్యి ఇక దేనికీ పనికిరాదని నమ్మిన రోజులున్నాయి. ఆ రోజులు దాటొచ్చానని నాకు నేను చెప్పుకోవడానికి రాస్తున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. సిగరెట్టు మానాలని మనస్ఫూర్తిగా అనుకుని, బ్యాటరీ సిగరెట్టు తెచ్చుకుని, దాన్ని చార్జింగ్‌కు గోడ ప్లగ్గులో గుచ్చి బయటికి వెళ్లిపోయేవాళ్లు ఇది ఒక్కసారి చదవాలి.

నా పేరు సరోజ. మానుకోట, అంటే మహబూబాబాద్ దగ్గర ఒక తండాలో పుట్టాను. మొగుళ్లపల్లి బడిలో భౌతికశాస్త్రం చెబుతాను. మా ఆయన శంకర్ జనగామలో బస్సు కండక్టర్. బడి నడిచే రోజుల్లో నేనూ మా పాప బిందూ మొగుళ్లపల్లిలో అద్దె గదిలో ఉండేవాళ్లం. సెలవులొస్తే జనగామలో మా అత్తమ్మ దగ్గరికి చేరేవాళ్లం.

సమ్మె నెల

ఆ ఏడాది ప్రత్యేక రాష్ట్రం కోసం తెలంగాణ అంతా పని ఆపి రోడ్డు మీద కూర్చుంది. బడులు మూతపడ్డాయి, నేనూ బిందూ జనగామకు వచ్చేశాం. బస్సులు డిపో దాటలేదు. భూపాలపల్లిలో కార్మికులు బొగ్గుబాయి దిగడం మానేశారు. బొగ్గు లేక కరెంటు కోతలు పెరిగాయి. కోతను మేమెవరమూ తిట్టుకోలేదు, అది కూడా కొట్లాటలో భాగమే అనుకున్నాం. కాకపోతే కరెంటు వచ్చిందంటే వాడవాడంతా ఫోన్లు, లైట్లు ఒక్కసారే ప్లగ్గులకు తగిలించేది. బల్బులు మొదట మిణుకుమిణుకుమనేవి, తర్వాత కళ్లు చెదిరేలా వెలిగేవి.

శంకర్ పొద్దంతా డిపో ముందు టెంటులో ఉండేవాడు. నినాదాలతో, సిగరెట్లతో గొంతు బొంగురుపోయింది. వాళ్ల నాయిన ఎత్తుకోబోతే బిందు ముక్కు మూసుకుని "వాసన" అనేది. ఆ మాట అతనికి గుచ్చుకుంది. హైదరాబాదు నుంచి వచ్చిన స్నేహితుడొకడు ఈ-సిగరెట్టు చేతిలో పెడితే సంబరంగా ఇంటికి తెచ్చాడు. పెన్నులాగా ఉంది. పీలిస్తే కొసన చిన్న నీలం దీపం వెలిగి, మామిడిపండు వాసనతో తెల్లటి ఆవిరి వస్తుంది. మా అత్తమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "గిదేందిరా, కరెంటు సిగరెట్టా?" అంది. మా ఇంట్లో దాని పేరు అదే అయిపోయింది.

దానితో పాటు ఒక పొట్టి తీగ వచ్చింది. తీగకు ఒక కొసన సిగరెట్టును మరతో బిగించాలి, ఇంకో కొసన ఉన్న యూఎస్‌బీ పిన్నును కంప్యూటర్‌కు పెట్టాలి. మాకు కంప్యూటర్ లేదు. "ఏ ఫోన్ చార్జర్‌కైనా పెట్టుకో, ఎక్కుతది" అన్నాడట ఆ స్నేహితుడు. శంకర్ రోడ్డు పక్కన కొన్న లావుపాటి చార్జర్‌కు దాన్ని తగిలించి, ఆ చార్జర్‌ను మంచం తలాపున ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్సులో గుచ్చేవాడు.

ఒకరోజు మధ్యాహ్నం అట్లాగే గుచ్చి టెంటుకు వెళ్లాడు. అప్పుడు కరెంటు లేదు. బిందు మంచం మీద బొంత కప్పుకుని నిద్రపోతోంది. నేను గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్నాను. ఉన్నట్టుండి ఫ్యాను తిరిగింది. కాసేపటికి మంచం వైపు నుంచి పాము బుసకొట్టినట్టు సన్నటి చప్పుడు, ప్లాస్టిక్ మాడిన వాసన. వెళ్లి చూస్తే ఆ సిగరెట్టు బొంత అంచు మీద పడి ఉంది. దాని కొస నుంచి పొగ వస్తోంది. బొంతకు అవతల నా బిడ్డ ముఖం.

ముందు స్విచ్ ఆపాలి, కరెంటు ఉన్న వస్తువును చేత్తో పట్టుకోకూడదు అని ఏటా పిల్లలకు చెప్పేదాన్నే. ఆ స్విచ్ మంచం వెనక గోడకు ఉంది. బిడ్డ నా ఎదురుగా ఉంది. సిగరెట్టును గుప్పిట పట్టి తీగతో సహా లాగాను. విసిరేసేలోపే అది నా చేతిలో పేలింది.

దీపావళి టపాకాయ పేలినట్టే అయింది. నొప్పి వెంటనే తెలియలేదు. బిందు లేచి ఏడుస్తుంటే 'పాప ఏడుస్తోంది, అంటే బాగానే ఉంది' అనుకున్నాను. ఆ తర్వాత చెయ్యి చూసుకున్నాను.

అత్తమ్మ పెరట్లోంచి పరుగెత్తుకొచ్చి పళ్లు తోముకునే పేస్టు తీసి పూయబోయింది. పక్కింటి లక్ష్మక్క అప్పుడే వచ్చి ఆమె చెయ్యి పట్టి ఆపింది. లక్ష్మక్కవాళ్లది కిరాణా హోల్‌సేల్ దుకాణం.

"పేస్టు గీస్టు ఏం వెట్టకు అత్తా! నీళ్లు! ముందుగాల నీళ్లు!" అంటూ నన్ను నల్లా దగ్గరికి ఈడ్చుకుపోయింది. నల్లా కింద చెయ్యి పెట్టించి, తన కొంగుతో నా ముఖం తుడుస్తూ, "బిడ్డకేం కాలే, సూడు, మీ అత్త ఎత్తుకున్నది" అని అదే మాట మళ్లీ మళ్లీ చెప్పింది.

బస్సుల్లేవు. ఆటోలు తిరగడం లేదు. లక్ష్మక్క భర్త సేటు తన సరుకుల వ్యాన్‌లో ఖాళీ సంచులు పరిచాడు. బకెట్‌లో నీళ్లు పోసి నా చెయ్యి అందులో ముంచి వరంగల్ దారి పట్టించారు. రఘునాథపల్లిలో బండ్లను ఆపడానికి రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి జనం వంట చేస్తున్నారు. జెండాలు పట్టుకున్న కుర్రాళ్లు వ్యాన్‌ను ఆపారు.

"బండి పోదు! తెలంగాణ వచ్చేదాక ఏ బండి పోదు!"

సేటు దిగి చేతులు జోడించాడు. "తమ్మీ, చెయ్యి గాలింది. దవాఖానకు పోవాలె."

ఆ కుర్రాడు వెనక్కి వచ్చి బకెట్‌లోకి తొంగిచూశాడు. అతని ముఖం పాలిపోయింది. మరుక్షణం రోడ్డంతా దద్దరిల్లేలా అరిచాడు. "జరుగుండ్రి! పొయ్యి పక్కకు జరుపుండ్రి! పాణం మీదికొచ్చింది!"

ఉడుకుతున్న అన్నం గుండిగను నలుగురు పట్టి పక్కకు దించారు. నిప్పులను కర్రలతో ఊడ్చారు. ఒక పెద్దావిడ బిందెతో వచ్చి బకెట్‌లో నీళ్లు మార్చి పోసింది. "చెయ్యి బయటికి తియ్యకు బిడ్డా" అని నా తల నిమిరింది. ఇద్దరు కుర్రాళ్లు మోటార్‌సైకిల్ మీద మా ముందు బయలుదేరి, కాజీపేట దాకా ఎక్కడ జనం కనిపించినా "దారియ్యుండ్రి" అని అరుస్తూ తోవ చేశారు. వాళ్ల పేర్లు నాకు తెలియవు. అన్ని బండ్లూ ఆగిపోయిన ఆ రోజున నా ఒక్క బండి కోసం దారి తెరుచుకుంది.

బతుకమ్మ రోజులు

దవాఖానలో డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న, "ఏ ఫోన్ పేలిందమ్మా?"

"ఫోన్ కాదు సార్. సిగరెట్టు."

"సిగరెట్టు పేలుడేంది?"

ఆ నొప్పిలో కూడా నాకు నవ్వొచ్చింది. నర్సు నా వైపు వింతగా చూసింది. మతి తప్పిందనుకుని ఉంటుంది.

కాలిన గాయాల వార్డులో అందరం భయపడేది ఒక్కదానికే, కట్టు మార్చడానికి. ఆ గది ముందు బల్ల మీద వరసగా కూర్చునేవాళ్లం. తలుపు తెరుచుకున్న ప్రతిసారీ ఎవరూ ఎవరి ముఖమూ చూసేవాళ్లు కాదు. నా పక్కన చిల్పూర్ నుంచి వచ్చిన ఒక అవ్వ ఉండేది. కిరోసిన్ స్టవ్ మంట అంటుకుని ఆమె భుజం కాలింది. నేను పళ్లు బిగబట్టి కూర్చుంటే ఆమె కసిరింది.

"ఏడుపొస్తె ఏడువు బిడ్డా. టీచరమ్మవని ఏడ్వద్దని ఉన్నదా? లోపల నేను మా ఊరి దేవుడు బుగులు ఎంకన్నను గుట్ట దిగొచ్చేదాక పిలుస్త, నువ్వు మీ దేవుణ్ణి పిలువు."

ఆ రోజు నుంచి ఆమె లోపల ఉన్నప్పుడు నేను బయట నుంచి "అవ్వా, అయిపోయింది, అయిపోయింది" అనేదాన్ని. నేను లోపల ఉంటే ఆమె అనేది.

మా ఇంట్లోవాళ్ల గొడవ వేరే. తండా నుంచి మా యాడి, అంటే మా అమ్మ, దిగింది. ఆమెకూ అత్తమ్మకూ వరండాలోనే మాటామాటా పెరిగింది.

"మెల్లగ స్విచ్ బంద్ చేస్తె అయిపోతుండె. సదువుకున్నదేనాయె" అంది అత్తమ్మ.

"నీ కొడుకు తెచ్చిన బలా నా బిడ్డ చేతిల పేలింది. నీ మనుమరాలు బతికింది. గా ముచ్చట చెప్పు నలుగురికి!" అంది మా యాడి. సాయంత్రం ఇద్దరూ ఒకే గిన్నెలోంచి నాకు అన్నం కలిపి పెట్టారు. కానీ మాటలు మాత్రం లేవు.

శంకర్ వార్డులోకి వచ్చేవాడు కాదు. మందులు తెచ్చి గుమ్మం దగ్గర పెట్టి వెళ్లిపోయేవాడు. పొద్దంతా దవాఖాన ప్రహరీ పక్కన కూర్చునేవాడని యాడి చెప్పింది. ఒకరోజు దగ్గరికి పిలిపించాను. రాగానే బీడీ వాసన గుప్పుమంది. నాకు ఒళ్లు మండిపోయింది.

"మల్ల మొదలువెట్టినవా?"

అతను తల దించుకున్నాడు. "ఏం జెయ్యాలె సరోజా. నీ ముఖం సూడలేకపోతున్న."

"నా ముఖానికేమైంది? కాలింది చెయ్యి. జూడు. ఇయ్యాల కట్టు మారుస్తరు, నువ్వు లోపలికి రా."

వచ్చాడు. మొత్తం చూశాడు. బయటికి వచ్చాక గోడకు చేరగిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. చిల్పూర్ అవ్వ అతని వీపు మీద ఒక్కటి చరిచి, "ఏడ్చుడు అయిపోయినంక పోయి పాలు వట్టుకరా" అంది. ఆ రోజు అతని జేబులో ఉన్న బీడీ కట్టే అతని చివరిది. అంత తేలిగ్గా మానలేదు. చిరాకు పడ్డాడు, చెమటలు పట్టి వణికాడు, రెండుసార్లు టెంటు నుంచి లేచి దుకాణం దాకా వెళ్లి తిరిగి వచ్చాడు. కానీ మానాడు.

సద్దుల బతుకమ్మ రోజు రోగుల బంధువులు తంగేడు పూలు తెచ్చి వరండాలో చిన్న బతుకమ్మను పేర్చారు. నేను నిలబడి చూస్తున్నాను. అందరూ చప్పట్లు కొడుతూ తిరుగుతుంటే నా కట్టు చెయ్యి మెడకు వేలాడుతోంది. అవ్వ వచ్చి నా కాలి మీద తన కాలితో తట్టింది. "చెయ్యి లేకుంటే కాలుతోని తాళమెయ్యి." వేశాను. అత్తమ్మ ఒక పక్క, యాడి ఒక పక్క నా భుజాలు పట్టుకున్నారు. ఆ రోజే వాళ్లిద్దరూ మళ్లీ మాట్లాడుకున్నారు.

మర్నాడు డాక్టర్, వేళ్లు ఒకదానికొకటి అతుక్కోకుండా తొడ చర్మం తీసి వేయాలన్నారు. చూపుడువేలి సంగతి మాత్రం ఇప్పుడే చెప్పలేమన్నారు. మత్తు ఇచ్చే ముందు నాకు ఒకే ఒక ప్రశ్న. "సార్, చాక్‌పీస్ పట్టగలనా?" ఆయన, "పట్టేదాక వదిలిపెట్టొద్దు మరి" అన్నారు.

చలికాలం

వేలు నిలిచింది. కానీ చెయ్యి కొయ్యబారిపోయింది. వేళ్లు తెరవడం, మూయడం రోజూ చేయాలని నేర్పి ఇంటికి పంపారు. నేను మా తండాకు వెళ్లాను. అక్కడ యాడి డాక్టర్ కంటే కఠినం. పొయ్యి ముందు కూర్చోబెట్టి జొన్నపిండి ముద్ద నా ముందు పెట్టేది.

"రొట్టె కొట్టు, ఛోరీ."

"చెయ్యి సాగుతలేదు యాడీ."

"పిండి సాగుతది. దాని ఎంబడి చెయ్యి సాగుతది."

మొదట్లో నా రొట్టెలు పగిలిన పలకల్లా వచ్చేవి. మా బాపు వాటిని ఒక్క మాట అనకుండా తినేవాడు. కొత్త చర్మం లాగేది, పగిలేది, రక్తం కారేది. ఎన్నోసార్లు పిండిని విసిరికొట్టాను. ఒకరోజు మాత్రం అరచెయ్యి మొత్తం పీట మీద ఆనింది. రొట్టె గుండ్రంగా రాలేదు కానీ ఒక్క ముక్కగా వచ్చింది. యాడి దాన్ని పెనం మీద కూడా వేయకుండా పచ్చిదే పట్టుకుని ఇంటింటికీ తీసుకెళ్లి చూపించింది.

చేతి కంటే మనసే ఎక్కువ మొండికేసింది. గోడకున్న ప్లగ్గు కనిపిస్తే దూరం జరిగేదాన్ని. ఎవరి ఇంట్లోనైనా ఫోన్ చార్జింగ్‌లో ఉంటే అక్కడ కూర్చోలేకపోయేదాన్ని. నా ఫోన్ చచ్చిపోయి పడి ఉండేది. శంకర్ ఆదివారాలు వచ్చి బిందుకు వంకర జడలు వేస్తూ, "బడి తెరిచిన్రు. నీ గురించి పిల్లలు అడుగుతున్నరట" అనేవాడు. "భయమైతుంది" అని నేనంటే నవ్వలేదు. "నాకు గూడ అయితుంది. ఇద్దరం కలిసే భయపడుదాం, కానీ నువ్వు బడికి పో" అన్నాడు.

మళ్లీ బడి

మొగుళ్లపల్లిలో మా పెద్దసారు మంచి మనిషే. అయినా మొహమాటంగా, "మేడమ్, చేతికి ఏమైనా తొడుక్కుంటె... పిల్లలు జడుసుకుంటరేమో" అన్నారు. తొడుక్కోలేదు. తరగతిలోకి వెళ్లి చెయ్యి పైకెత్తి అందరికీ చూపించాను. ముందు బెంచీలో ఉన్న ఒక పిల్ల లేచి వచ్చి, వేలితో మెల్లగా తాకింది.

"టీచర్, నొస్తుందా?"

"ఇప్పుడు లేదు."

"మెత్తగున్నది టీచర్, మా తమ్ముని చెంప లెక్క."

ఆ రోజు పాఠ్యపుస్తకం తెరవలేదు. మంచం మీద పడుకుని నెలల తరబడి నేను ఆలోచించి తేల్చుకున్నదంతా వాళ్లకు చెప్పాను. ఆ సిగరెట్టులో ఉన్న బ్యాటరీ చిటికెనవేలంత. అది నింపుకోగలిగిన కరెంటు కొంచెమే. నిండిన తర్వాత ఆపే ఏర్పాటు మంచి రకం వాటిలో ఉంటుంది. చవక వాటిలో ఉంటుందన్న నమ్మకం లేదు. యూఎస్‌బీ పిన్ను దూరినంత మాత్రాన ప్రతి చార్జరూ ఒకటి కాదు. నాసిరకం చార్జర్ గోడలోని కరెంటును సరిగ్గా తగ్గించలేదు. కోత తర్వాత కరెంటు ఎగిసిపడి వచ్చినప్పుడైతే అసలే ఆపలేదు. అప్పుడు బ్యాటరీ లోపల వేడి పెరుగుతూ పోయి, బయటికి దారి లేక పగులుతుంది. అందుకే దేనితో వచ్చిన చార్జర్ దానికే వాడాలి, పక్క మీద, బొంత మీద పెట్టకూడదు, గుచ్చి ఇల్లు వదిలి పోకూడదు, కరెంటు పోతే వెంటనే ప్లగ్గు తీసెయ్యాలి. ఉబ్బినా, వేడెక్కినా, బుసకొట్టినా ముందు మెయిన్ ఆపాలి, మనుషులు బయటికి నడవాలి.

చెప్పడం అయ్యాక చాక్‌పీస్‌తో బ్యాటరీ బొమ్మ గీశాను. గీత వంకరపోయింది. వెనక బెంచీ నుంచి ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. మొత్తం తరగతి అందుకుంది. గీత చూసి కొట్టారో, నన్ను చూసి కొట్టారో తెలియదు. ఆ సాయంత్రం గదికి వెళ్లి నా ఫోన్‌ను నేనే చార్జింగ్ పెట్టాను. పక్కనే కుర్చీ వేసుకుని అది నిండేదాకా కూర్చున్నాను.

తండాలో ఎండాకాలం

మరుసటి ఎండాకాలం సెలవులకు తండాకు వెళ్లాం. మా ఇంటి వెనక బాలు అని పాతికేళ్ల కుర్రాడు. హైదరాబాదులో కట్టడాల పనికి పోయి, అప్పుడే తిరిగొచ్చాడు. ఒక పొద్దున వాళ్లమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది. "సరోజా, మా ఇంట్ల పెన్ను బుసకొడుతున్నదే!"

పెన్ను అనగానే అర్థమైంది. నేను ఎట్లా వెళ్లానో గుర్తులేదు. తాటికమ్మల కప్పు కింద, ఎండుగడ్డి పక్కన, గోడ ప్లగ్గుకు వేలాడుతూ అదే రకం సిగరెట్టు. నడుము ఉబ్బి ఉంది. బాలు దాన్ని లాగడానికి చెయ్యి చాస్తున్నాడు.

"ముట్టకు!" అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "అందరు బయటికి నడువుండ్రి. పిల్లల్ని తీసుకపోండ్రి."

గుమ్మం పక్కనే మెయిన్ స్విచ్. చూపుడువేలు వంగదు కదా, అరచేతి మడమతో నొక్కి కిందికి తోశాను. కరెంటు ఆగింది. బుస మాత్రం ఆగలేదు. యాడి పొయ్యి దగ్గరి పొడుగు పట్టుకారు అందించింది. ముఖం పక్కకు తిప్పుకుని, చేతులు చాపినంత దూరం చాపి, పట్టుకారుతో తీగను పట్టి ప్లగ్గులోంచి ఊడలాగాను. సిగరెట్టు తీగకు వేలాడుతూనే ఉంది. అట్లాగే వాకిట్లోకి మోసుకొచ్చి, ఇల్లు కట్టడానికి పోసిన ఇసుక కుప్ప మీద వదిలి వెనక్కి పరుగెత్తాను.

అది పేలింది. ఇసుక చిమ్మింది. కోళ్లు చెల్లాచెదురయ్యాయి. మనుషుల్లో ఒక్కరికి గీత కూడా పడలేదు.

బాలు నేల మీద కూలబడ్డాడు. "అక్కా, గిది సిగరెట్టా, బాంబా?"

"బ్యాటరీ బాలూ. దాని చార్జర్ దానికి పెట్టకుంటె, నువ్వు చూడకుంటె, బాంబే అయితది. నీకు పొగ మానాలనుంటె మా ఆయనను అడుగు, ఎట్ల మానాల్నో చెప్తడు."

జనం మూగి ఏదేదో అంటున్నారు. నేను నా కుడిచెయ్యి వైపు చూసుకున్నాను. పట్టుకారు ఇంకా పట్టుకునే ఉంది. ఏ మందూ, ఏ కట్టూ ఇవ్వని ధైర్యం ఆ చూపుతో వచ్చింది. సాయంత్రానికి తండా ఆడవాళ్లంతా నన్ను ఇల్లిల్లూ తిప్పారు. తెగిన తీగలు, మాడిన ప్లగ్గులు, రోడ్డు మీద కొన్న చార్జర్లు తీయించి ఒక గంపలో వేయించాను. గంప నిండింది. యాడి ఆ గంపను నెత్తిన పెట్టుకుని, ఏదో పంట కోసుకొచ్చినంత దర్పంగా ఊరి బయటికి నడిచింది.

గులాల్

పార్లమెంటులో తెలంగాణ బిల్లు గట్టెక్కిన సాయంత్రం నేను టీచర్ల శిక్షణ కోసం భూపాలపల్లిలో ఉన్నాను. వార్త వచ్చిన నిమిషానికి ఊరు ఊరంతా చౌరస్తాకు దూకింది. డప్పులు మోగాయి. బాయి పని దిగి వచ్చిన కార్మికులు బొగ్గు మసి ముఖాల మీదే గులాల్ పూసుకున్నారు. ఎవరు ఎవరిని కౌగిలించుకుంటున్నారో తెలియడం లేదు. రెండున్నరేళ్లుగా నా కుడిచెయ్యి చూసి జనం తమ చెయ్యి వెనక్కి తీసుకోవడం నాకు అలవాటైపోయింది, నమస్కారాలతోనే సరిపెట్టుకునేదాన్ని. ఆ సాయంత్రం గుప్పిళ్లకు గుప్పిళ్లు గులాల్ గాలిలోకి లేచింది. చూస్తుండగానే చౌరస్తాలో ప్రతి చెయ్యీ గులాబీ రంగైంది, నా అతుకుల చెయ్యి లాగానే.

శంకర్ జనగామ నుంచి ఫోన్ చేశాడు. డప్పుల మోతలో సగం మాటలు వినిపించలేదు. "బిందు డ్యాన్స్ చేస్తున్నదే!" అన్నది మాత్రం వినిపించింది.

ఫోన్ పెట్టేసేలోగా ఒక ముసలి కార్మికుడు నా ముందుకొచ్చాడు. నా కుడిచెయ్యిని తన మొరటు చేతులు రెండింటితో గట్టిగా పట్టుకుని ఊపాడు.

"గెలిచినం బిడ్డా!"

"గెలిచినం, తాతా!"

ఆయన చెయ్యి వదల్లేదు. నేనూ వదల్లేదు. అట్లాగే పట్టుకుని ఇద్దరం డప్పుల మధ్యలోకి నడిచాం.